ఆషాఢంలో బండి పని: పాత పికప్ మైలేజీ డైరీ

జూన్ 27

ఆషాఢం వచ్చేసింది. పెళ్లిళ్లు లేవు. మా టెంట్ హౌస్ గోదాములో కుర్చీలు గోడ వారన గుట్టలుగా పడి ఉన్నాయి. షామియానాలు ఉతికి ఆరేశాం. బోనాల పందిళ్లు తప్ప శ్రావణం దాకా పెద్ద లోడ్లు లేవు. పికప్‌ను విప్పదీసి చూసుకోవడానికి ఏడాది మొత్తంలో మాకు దొరికే సందు ఇదే.

బండి 2011 మోడల్. రెండున్నర లీటర్ల టర్బో డీజిల్, కంప్యూటర్ గొడవ లేని పాత మెకానికల్ పంపు. నంబరు ప్లేటు ఇప్పటికీ ఏపీ 24, అంటే నల్లగొండ బండి. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. కొన్న కొత్తలో లీటరుకు 12 దాకా ఇచ్చేదని నాన్న లెక్క. ఇప్పుడు 9 దగ్గర కొట్టుమిట్టాడుతోంది. సీజన్‌లో నెలకు రెండు వేల కిలోమీటర్లు తిరిగే బండికి, లీటరు 95 రూపాయల పైన ఉన్న డీజిల్‌తో, ఈ మూడు కిలోమీటర్ల తేడా అంటే చిన్న జీతమే.

ఒక విషయం దాచకుండా రాసుకోవాలి. ఈ పని అనుమానంతో మొదలైంది. డ్రైవరన్న డీజిల్ తీసి అమ్ముకుంటున్నాడేమోనని నాన్నకు ఆర్నెల్లుగా మనసులో ఉంది. "డీజిల్ యాడికి పోతుంది మరి, ఆవిరైతదా?" అని రోజూ సాయంత్రం అదే పాట. అన్న మా దగ్గర పదకొండేళ్లుగా ఉన్నాడు. నాన్న మాట నేను నమ్మలేదు. అలాగని గట్టిగా ఎదురూ చెప్పలేదు.

జూన్ 29

పానా పట్టుకునే ముందు లెక్క తేలాలి. జూన్ మొదటి వారం నుంచే, పెళ్లిళ్ల సీజన్ చివర్లో, మూడు ట్యాంకులు కొలిచి పెట్టుకున్నాను. పద్ధతి పాతదే: నిండా కొట్టించు, తిరుగు, మళ్లీ నిండా కొట్టించు, తిరిగిన కిలోమీటర్లను పోసిన లీటర్లతో భాగించు. చెప్పడానికి ఒక్క ముక్కే కానీ నిండా అంటే ఎంత అన్నదగ్గరే అందరం బోల్తా పడతాం. డీజిల్ నురగ కడుతుంది. గన్ మొదటిసారి టక్‌మని ఆగినప్పుడు ట్యాంకు పైన ఉన్నది చాలావరకు నురగే. బండి కాస్త వాలుగా నిలబడితే ఇంకో లీటరు తేడా. అందుకే ఒకే బంకు, అదే పంపు, అదే గచ్చు మీద అదే చోట. మొదటి టక్ తర్వాత రెండు నిమిషాలు ఆగి, నురగ దిగాక ఇంకోసారి. వెనక ఆటోవాళ్లు హారన్లు కొడుతుంటే ఆ రెండు నిమిషాలు చాలా పెద్దవి.

ఇంత చేసినా అర లీటరు అటూ ఇటూ అవుతుంది. 20 లీటర్లు పోసినప్పుడు అర లీటరంటే వందకు రెండున్నర వంతు. కాబట్టి 0.3 పెరిగిందనో తగ్గిందనో కనిపిస్తే దాన్ని నమ్మకూడదని డైరీ మొదటి పేజీలోనే పెద్ద అక్షరాలతో రాసుకున్నాను.

మూడు ట్యాంకుల సగటు 9.1.

నిన్న రాత్రి ఫోన్‌లో జీపీఎస్ పెట్టుకుని యాదాద్రి రోడ్డు మీద పోయి వచ్చాను. ఫోన్ 100 కిలోమీటర్లు చూపించేసరికి బండి మీటరు 96 దగ్గరే ఉంది. దిగి టైర్ల మీద టార్చి వేశాను. 235/75 ఆర్ 15. డ్రైవర్ తలుపు లోపలి స్టిక్కర్ మీద ఉన్నది 215/75 ఆర్ 15. రెండేళ్ల కింద టైర్లు మార్చినప్పుడు "ఇవి ఒడ్డుగున్నయి, లోడుకు ఆగుతయి" అని షాపతను అంటే సరే అన్నాను. కొత్త టైరు వ్యాసం దాదాపు 733 మిల్లీమీటర్లు, పాతది 703. చక్రం ఒక్కసారి తిరిగితే బండి నాలుగు శాతం ఎక్కువ దూరం పోతోంది, మీటరుకు ఆ సంగతి తెలియదు.

సరిచేస్తే 9.1 కాస్తా 9.5 అయింది. రూపాయి ఖర్చు లేకుండా మైలేజీ పెరిగింది! నాన్నకు చెప్తే నవ్వలేదు. ఇక నుంచి డైరీలో రాసే అంకెలన్నీ జీపీఎస్ లెక్కే.

జులై 1

ఉప్పల్ పారిశ్రామికవాడలో కాంటా మీద ఖాళీ బండి ఎక్కించాం. 1,940 కిలోలు. ఆర్సీలో ఖాళీ బరువు 1,650. అంటే 290 కిలోలు ఖాళీగా తిరిగేటప్పుడు కూడా మోస్తున్నాం.

గోదాము ముందు ఆపి బాడీలో ఏముందో కిందికి దించాం. ఇనుప మేకులు రెండు గోనె సంచులు, ఒక్కో సంచి ఎత్తడానికి ఇద్దరు పట్టాల్సి వచ్చింది. సమ్మెటలు మూడు. తడిసి ముద్దైన తాళ్లు. కాలు విరిగిన కుర్చీలు పద్నాలుగు, "వెల్డింగ్ చేయిద్దామని" ఎప్పటివో. ఎవరిదో తెలియని గంగాళం మూత. క్యాబిన్ సీటు వెనక కాలిపోయిన ఫోకస్ లైట్లు, ఒక పాత జాకీ, ఇంకో జాకీ. స్టెప్నీ ఒకటి కింద, ఒకటి పైన. ముందు బంపర్‌కు పాత ఓనర్ బిగించిన ఇనుప గార్డు కూడా విప్పేశాం. ఇలాంటి గార్డులు వద్దని 2017 డిసెంబరులోనే కేంద్రం చెప్పింది, అయినా ఇన్నేళ్లు దర్జాగా తిరిగాం.

మళ్లీ కాంటా: 1,745. బాడీలో అదనంగా పరిచిన ఇనుప రేకు అలాగే ఉంచాను. అది లేకపోతే పైపులు వేసే దెబ్బలకు కింద చిల్లులు పడతాయి.

బరువు తగ్గితే ఆగి కదిలే చోట లాభం. రామంతాపూర్, ఉప్పల్ రింగురోడ్డు, తార్నాక అంతా ఆగి కదలడమే కదా.

జులై 3

గాలి. ముందు టైర్లలో ఒకటి 27, ఒకటి 31. స్టిక్కర్ చెప్పేది 35. వెనక టైర్లలో ఖాళీగా ఉన్నప్పుడు ఒక లెక్క, లోడు ఉన్నప్పుడు ఇంకో లెక్క ఉంది. మేం అన్నిటికీ ఒకటే గాలి కొట్టించేవాళ్లం, అదీ గుర్తొచ్చినప్పుడు. చల్లటి టైరులో కొలవాలి, పది కిలోమీటర్లు తిరిగొచ్చి కొలిస్తే రెండు మూడు పాయింట్లు ఎక్కువే చూపిస్తుంది. ఒక గేజీ కొని డ్యాష్‌బోర్డులో పెట్టాను.

బరువు, గాలి, ఈ రెంటికీ కలిపి తర్వాతి ఫిల్లింగ్‌లో 10.1. ఏది ఎంత ఇచ్చిందంటే చెప్పలేను. రెండూ ఒకేసారి చేసి లెక్క పాడుచేసుకున్నాను.

జులై 5

ఈరోజు అసలు దొంగ దొరికాడు. ఒకడు కాదు, ఇద్దరు.

గోదాము ముందు సిమెంటు నేల చదునుగా ఉంటుంది. బండిని న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేక్ దించి, కుర్చీలు మోసే ఇద్దరు కుర్రాళ్లను నెట్టమన్నాను. కదల్లేదు. ముగ్గురు నెట్టినా ఊగి ఆగిపోయింది. నలుగురు భుజం పెడితే కదిలింది, వదిలేయగానే అడుగు దూరంలో నిలబడిపోయింది. రెండు టన్నుల లోపు బండి చదును నేల మీద ఇద్దరు నెడితే కదలాలి. అప్పుడు అర్థమైంది, ఇంజిన్ ఇన్నాళ్లూ రోడ్డు మీద పరుగు తీయడం లేదు, బ్రేకులతో కుస్తీ పడుతోంది.

ఒక్కో చక్రం జాకీ మీద లేపి చేత్తో తిప్పి చూశాం. ముందు కుడి బాగానే తిరిగింది. ముందు ఎడమ ముప్పావు చుట్టు తిరిగి ఆగింది. వెనక ఎడమ అయితే గరగరమంటూ పావు చుట్టు కూడా తిరగలేదు.

మా వీధి చివరి మెకానిక్ ఉస్తాద్ వచ్చి వెనక డ్రమ్ము విప్పాడు. హ్యాండ్ బ్రేక్ కేబుల్ గొట్టంలోనే తుప్పు పట్టింది. లాగితే పోతుంది, వదిలితే వెనక్కి రాదు. లైనర్లు ఎప్పుడూ డ్రమ్మును సగం పట్టుకునే ఉన్నాయి. డ్రమ్ము లోపల నీలం రంగు మచ్చలు తేలాయి, వేడికి కాలిన గుర్తులు.

ముందు ఎడమ కాలిపర్, అంటే ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం, ఇంకా ఆసక్తి. కాలిపర్ రెండు పిన్నుల మీద జారుతూ ఉండాలి. కింది పిన్నులో గ్రీజు ఎండి, బెల్లం పాకం గడ్డకట్టినట్టు నల్లగా అతుక్కుపోయింది. పైపు రెంచి వేసి తిప్పితే గానీ ఊడలేదు. లోపలి ప్యాడ్ అరిగి మూడు మిల్లీమీటర్లు మిగిలింది, బయటి ప్యాడ్ తొమ్మిది. ఒక ప్యాడే పని చేస్తూ, అదీ వదలకుండా డిస్కును పట్టుకుని ఉంది. ఉస్తాద్ పిన్నును ఎమరీ కాగితంతో మెరిసేదాకా రుద్ది, రబ్బరు బూట్లు కొత్తవి వేసి, బ్రేకులకు వాడే గ్రీజే పూశాడు. మామూలు గ్రీజు పూస్తే రబ్బరు ఉబ్బి మళ్లీ ఇదే కథ అవుతుందట.

కేబుల్, బూట్ల కిట్టు, ప్యాడ్లు, వెనక ఎడమ చక్రం సిలిండర్ కలిపి 3,200.

సాయంత్రం మళ్లీ నెట్టించాను. ఇద్దరు కుర్రాళ్లు మామూలుగా చెయ్యి వేశారు, బండి గేటు వైపు జారుకుంటూ పోయింది. ఒకడు పరుగెత్తి క్యాబిన్‌లోకి దూకి బ్రేకు తొక్కాల్సి వచ్చింది.

జులై 9

బ్రేకుల తర్వాత 11.0. ఇది కొలతలో పొరపాటు అనడానికి వీల్లేనంత పెద్ద జంప్.

ఇప్పుడు టెంపరేచర్ ముల్లు సంగతి. ఎంత తిరిగినా అది పావు దాటదు. మంచిదే కదా, ఇంజిన్ చల్లగా ఉంది అని ఇన్నాళ్లు అనుకున్నాం. 20 కిలోమీటర్లు తిరిగొచ్చి రేడియేటర్ పై పైపు మీద ఇన్‌ఫ్రారెడ్ గన్ పెడితే 58 డిగ్రీలు. ఉండాల్సింది 80 పైన. చల్లటి ఇంజిన్‌లో సిలిండర్ గోడలు వేడెక్కవు, పిచికారీ అయిన డీజిల్ పూర్తిగా మండదు, ఆయిల్ చిక్కగా ఉండి తిప్పడానికే బలం పోతుంది. పొద్దున్నే పెళ్లికొచ్చిన చుట్టంలా ఇంజిన్ రోజంతా నిద్రమొహంతోనే పని చేస్తోంది.

"థర్మోస్టాట్ ఉందా అసలు?" అని ఉస్తాద్‌ను అడిగాను.

"లేదు తమ్మీ. నేనే తీసిన."

ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కు పోనివ్వని వాల్వు అది. రెండేళ్ల కింద మే నెలలో బండి మరుగుతుంటే తీసేశాడట. అప్పుడే ఫ్యాన్ క్లచ్‌కు బోల్టు దిగ్గొట్టి, ఫ్యాన్ ఎప్పుడూ పూర్తి స్పీడుతో తిరిగేలా చేశాడు. మామూలుగా ఆ క్లచ్ లోపలి చిక్కటి ద్రవం వేడి పెరిగినప్పుడే ఫ్యాన్‌ను గట్టిగా పట్టుకుంటుంది, చల్లగా ఉంటే వదిలేస్తుంది. బోల్టు కొట్టాక అవసరం ఉన్నా లేకపోయినా ఇంజిన్ ఆ ఫ్యాన్‌ను మోస్తూనే ఉంది. క్యాబిన్‌లో వినిపించే ఆ విమానం హోరు ఇదేనన్నమాట. మేం పాత బండి కదా అని సరిపెట్టుకున్నాం.

"అట్ల ఎందుకు చేసినవ్ ఉస్తాద్?"

"పొద్దుగాల పెళ్లి ఉంది, ఏదో ఒకటి చేసి పంపు అన్నవ్ ఫోన్ల. రాత్రి పదకొండయింది. ఏం జెయ్యాలె?"

దానికి నా దగ్గర జవాబు లేదు.

అప్పుడు బండి మరగడానికి కారణం రేడియేటర్. ముందున్న గ్రిల్ తీసి చూస్తే రెక్కల మధ్య మట్టి, పొట్టు, మిణుగురులు, ఏదో పెళ్లి తాలూకు చమ్కీ కూడా. బాగున్న థర్మోస్టాట్‌ను తీసి పారేశాం, మూసుకుపోయిన రేడియేటర్‌ను అలాగే ఉంచాం. రేడియేటర్ దించి, లోపలా బయటా కడిగించాను, 800. ఫ్యాన్ క్లచ్ కొత్తది రాణీగంజ్‌లో 3,800. థర్మోస్టాట్, ప్యాకింగ్ 650.

థర్మోస్టాట్ బిగించే ముందు పరీక్షించాం. టీ గిన్నెలో నీళ్లు పోసి, దారంతో వేలాడదీసి (అడుగుకు తగిలితే తప్పుడు లెక్క వస్తుంది), కేటరింగ్ వాళ్లు నూనె వేడి చూసే థర్మామీటర్ పక్కన పెట్టి స్టవ్ వెలిగించాం. దాని అంచు మీద 82 అని గుద్ది ఉంది. 70కి ఏమీ లేదు. 78కి ఏమీ లేదు. 81 దగ్గర అంచున వెంట్రుక మందం సందు కనిపించింది. 93కల్లా వేలు పట్టేంత తెరుచుకుంది. లోపలి మైనం వేడికి ఉబ్బి వాల్వును నెడుతుంది, అంతే యంత్రం. మా అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి "పొద్దున అదే గిన్నెల చాయ్ తాగాల్నా నేను?" అంది.

జులై 13

లష్కర్ బోనాలు. రాయాలంటే సిగ్గుగా ఉంది కానీ రాయాలి.

సికింద్రాబాద్‌లో ఒక పందిరికి కుర్చీలు దించి వస్తున్నాం, నేనూ డ్రైవరన్న. ఆర్పీ రోడ్డు వైపు జనం. తొట్టెల ఊరేగింపు ముందు పోతరాజు, డప్పులు, బండి అడుగు వేసి ఆగడం, అడుగు వేసి ఆగడం. ఇన్నాళ్లూ పావు దాటని ముల్లు సగం దాటింది. ముప్పావు. నాకు టెన్షన్ మొదలైంది.

"తమ్మీ, ఎరుపుల పడుతుంది, బంద్ చేస్తున్న" అని అన్న ఇంజిన్ ఆపేశాడు. బానెట్ లేపితే ఆవిరి లేదు కానీ ఇంజిన్ కాలిపోతోంది, రేడియేటర్ కింది పైపు చల్లగా ఉంది. నేను రేడియేటర్ మూత మీద చెయ్యి వేయబోతే అన్న మణికట్టు పట్టుకుని లాగేశాడు. వేడి మీద ఆ మూత తిప్పితే మరిగే నీళ్లు మొహం మీదికి చిమ్ముతాయి. నాకు తెలుసు. తెలిసీ చెయ్యి పోయింది. నలభై నిమిషాలు జాతరలో రోడ్డు పక్కన నిలబడ్డాం. ఎవరో అమ్మ మాకు సాక పోసిన చెంబులోంచి నీళ్లు ఇవ్వబోయింది, తాగడానికనుకుని.

జులై 14

తప్పు నాదే. థర్మోస్టాట్ అంచులో చిన్న రంధ్రం, దానిలో వదులుగా ఊగే పిన్ను ఉంటుంది. బిగించేటప్పుడు అది పై వైపు ఉండాలి, ఇంజిన్‌లో చిక్కుకున్న గాలి దానిగుండా బయటపడుతుంది. ఉస్తాద్ నమాజుకు పోయినప్పుడు తొందరపడి నేనే బిగించాను, పిన్ను కిందికి పెట్టి. గాలి బుడగ లోపలే ఉండిపోయి థర్మోస్టాట్‌కు వేడి నీళ్లు తగల్లేదు, అది తెరుచుకోలేదు.

తిప్పి పెట్టాం. బండి ముందు చక్రాలు ర్యాంపు మీదికి ఎక్కించి, మూత తీసి, ఇంజిన్ ఆన్‌లో ఉంచి బుడగలు రావడం ఆగేదాకా కూలెంట్ పోశాం. ఇప్పుడు ముల్లు సగానికి కొంచెం కింద నిలబడుతోంది, మేకు కొట్టినట్టు. పై పైపు 83. ఫ్యాన్ హోరు లేదు. రెండేళ్లలో మొదటిసారి క్యాబిన్‌లో మామూలు గొంతుతో మాట్లాడుకున్నామన్నాడు అన్న.

ఆ వారం ట్యాంకు లెక్క 8.4. బోనాల ట్రాఫిక్‌లో గంటలకొద్దీ నిలబడిన లెక్క అది. కొట్టేశాను, సగటులో కలపను.

జులై 16

ఈరోజు బండి పనేమీ లేదు. కానీ డైరీలో ఉండాల్సింది ఇదే.

మధ్యాహ్నం గోదాములో కూర్చుని అంకెలు రాసుకుంటుంటే అన్న వచ్చి పక్కన నిలబడ్డాడు. కాసేపు చూశాడు. పోయి డ్యాష్‌బోర్డు అరలోంచి ఒక చిన్న పుస్తకం తెచ్చి ఇచ్చాడు. ఏదో చిట్‌ఫండ్ వాళ్లు ఉగాదికి పంచిన పాకెట్ డైరీ, అట్ట ఊడి రబ్బరు బ్యాండుతో కట్టి ఉంది. లోపల నాలుగేళ్ల ఫిల్లింగులు. తేదీ, మీటరు, లీటర్లు. ప్రతి వరుస చివర భాగహారం కూడా చేసి పెట్టాడు.

మొదట్లో 11.8, 11.6, 11.9. ఆ తర్వాత మే నెలలో ఒక వరుస పక్కన "తర్మాస్టాట్ తీసిండ్రు". దాని కింద 11.0, 10.9. ఇంకో రెండు పేజీల తర్వాత "టైర్లు మారినయ్", 10.4. కిందటి దీపావళి దగ్గర "ఎనక ఎడమ చక్రం వేడి. చెప్పిన." దాని కింద 9.6. సంక్రాంతి దగ్గర మళ్లీ, "చక్రం వేడి. చెప్పిన." 9.2.

చెప్పింది నాకే. ఫోన్ మాట్లాడుతూ చూద్దాంలే అన్నట్టు గుర్తు.

ఆయనకు నాన్న అనుమానం సంగతి తెలుసో లేదో నేను అడగలేదు. తెలిసే ఉంటుంది. లేకపోతే ప్రతి లీటరూ ఎందుకు రాసి పెట్టుకుంటాడు? పుస్తకం నాన్న చేతికి ఇచ్చాను. నాన్న కళ్లద్దాలు పెట్టుకుని మొత్తం తిరగేసి, ఏమీ అనకుండా లోపలికి పోయాడు. రాత్రి భోజనానికి అన్నను ఉండమని పిలిచాడు. మా ఇంట్లో అది చాలా పెద్ద మాట.

జులై 18

ఆటోనగర్‌లో పంపు షాపు. ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే నాలుగు ఇంజెక్టర్లు విప్పి టెస్టు బెంచి మీద పెట్టారు. మూడు పొగమంచులా సన్నగా చిమ్మాయి, వాటిలోనూ ఒకటి కొంచెం ఒక పక్కకే. నాలుగోది పిల్లాడు ఉచ్చపోసినట్టు ధార కట్టింది, ఆపాక కూడా మొన నుంచి చుక్కలు. 200 బార్ చుట్టూ తెరుచుకోవాల్సింది అది 160కే తెరుచుకుంటోంది. స్టార్ట్ చేయగానే తెల్ల పొగ, ఎక్కుడులో నల్ల పొగ, రెండింటి మూలం ఇక్కడే ఉంది.

నేను దగ్గరికి వంగితే బెంచి దగ్గరి కుర్రాడు అడ్డం వచ్చాడు. ఆ ఒత్తిడితో వచ్చే డీజిల్ చర్మంలోకి సూదిలా దిగుతుంది. పైకి చిన్న చుక్కలా కనిపిస్తుంది, లోపల వేలు కుళ్లి తీసేయాల్సిన దాకా పోతుంది. ఇంజెక్టర్ చిమ్మేచోట చెయ్యి పెట్టి చూడొద్దని ఇంటి దగ్గర కుర్రాళ్లకు కూడా చెప్పాను.

నాలుగు నాజిళ్లు కొత్తవి, షిమ్ములతో ఒత్తిడి సరిచేయడం, రాగి వాషర్లు: 6,400. పాత వాషర్లే మళ్లీ వేద్దామన్న ఆలోచన వచ్చిన మాట నిజం. వేయలేదు. ఒకసారి నలిగిన వాషర్ మళ్లీ సీలు కట్టదు.

తిరిగొస్తుంటే ఒక విడిభాగాల షాపులో డీజిల్ పైపుకు తగిలించే అయస్కాంతం చూపించారు, 1,500కు ముప్పై శాతం ఆదా అట. ఇలాంటి పరికరాలను అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ ఏళ్ల తరబడి వందకు పైగా పరీక్షించింది, చాలావాటితో లాభమేమీ తేలలేదు. వద్దన్నాను.

జులై 21

ఔటర్ రింగు రోడ్డు పరీక్ష. లాల్‌దర్వాజా బోనాల సామాను మొన్ననే దించేశాం, బండి ఖాళీ. ఔటర్ మొత్తం చుట్టు 158 కిలోమీటర్లు. ఘట్‌కేసర్‌లో ఎక్కి పెద్ద అంబర్‌పేట, శంషాబాద్, పటాన్‌చెరు మీదుగా తిరిగి కీసరలో దిగాం. దాదాపు మొత్తం చుట్టు కాబట్టి ఎక్కుడు దిగుడులు ఒకదానికొకటి కొట్టుకుపోతాయి, గాలి ఎటు వీచినా కొంతసేపు ఎదురు, కొంతసేపు వెనక. మైలేజీ కొలవడానికి ఇంతకంటే మంచి రోడ్డు మనకు దొరకదు. టోలు మాత్రం చేదు.

నిన్న 80లో, ఈరోజు అదే టైముకు 60లో. రెండూ ఎడమ లేన్లలోనే, అక్కడ హద్దు 40 నుంచి 80.

80కి 13.1. 60కి 15.4.

నాకు తేడా ఉంటుందని తెలుసు కానీ ఇంత అనుకోలేదు. పికప్ అంటే చక్రాల మీద నిలబెట్టిన బీరువా. గాలి అడ్డు వేగానికి వర్గంగా పెరుగుతుంది, 60 నుంచి 80కి పోతే దాదాపు ఒకటీ ముప్పావు రెట్లు. లీటరున్నర పైగా మిగిలింది, టైము నలభై నిమిషాల లోపే ఎక్కువ పట్టింది. అన్న మాత్రం 60లో నిద్రొస్తుందన్నాడు. ఆ మాటా నిజమే, తెల్లవారుజామున లోడు దించి వచ్చే మనిషికి నిద్ర కంటే డీజిల్ చవక. 65 నుంచి 70 మధ్య అని ఒప్పందం చేసుకున్నాం.

వెనక డాలా, అంటే బాడీ వెనక తలుపు, దించి నడిపితే గాలి నేరుగా పోయి మైలేజీ వస్తుందని మా బావ పందెం. ఘట్‌కేసర్ నుంచి శంషాబాద్ దాకా అదీ చూశాం. తేడా లేదు. డాలా మూసి ఉంటే బాడీలో గాలి సుడి కట్టి నిలబడుతుంది, పైన పోయే గాలి దాని మీదుగా జారిపోతుంది. బావ ఇంకా ఒప్పుకోలేదు.

జులై 24

ఆఖరి సంగతి. లోడు దించేటప్పుడు అరగంట, ముప్పావు గంట ఇంజిన్ ఆన్‌లోనే ఉంచుతాడు అన్న. ఇది నాకు ఎప్పటినుంచో కోపం. ఎందుకన్నా అని ఈరోజు మామూలుగా అడిగాను. "ఆపితే సెల్ఫ్ కొడతలేదు తమ్మీ. ఫంక్షన్ హాల్ ముంగట అందరం నూకాలె."

బ్యాటరీ అయిదేళ్లది. సెల్ఫ్ కొట్టేటప్పుడు మల్టీమీటర్‌లో వోల్టేజి 8కి పడిపోతోంది. కొత్తది 5,600. ట్యాంకు పైపు తీసి, గీతలు పెట్టిన సీసాలోంచి డీజిల్ ఇచ్చి, రిటర్న్ పైపు కూడా అందులోకే పెట్టి గంటసేపు ఊరికే తిప్పి చూశాం: ముప్పావు లీటరు. సీజన్‌లో రోజుకు గంటన్నర అంటే లీటరు పైనే గాలికి పోయేది.

ఖర్చు కూడితే 20,450.

జులై 31

శ్రావణం మొదలైంది, పెళ్లిళ్లూ మొదలయ్యాయి. ఈ వారం షాద్‌నగర్ ఒకటి, మేడ్చల్ ఒకటి, మిగతావన్నీ సిటీలోనే. లోడూ ఖాళీ కలిపి 640 కిలోమీటర్లు, 50.8 లీటర్లు. 12.6.

నెలకు రెండు వేల కిలోమీటర్ల లెక్కన 50 లీటర్లకు పైగా మిగులుతుంది. పెట్టిన డబ్బు నాలుగు నెలల్లో, కాస్త అటూ ఇటుగా వచ్చేస్తుంది. టైర్లు ఇప్పుడే మార్చను, ఇంకా సగమే అరిగాయి. అరిగాక స్టిక్కర్ మీద ఉన్న సైజే. అలైన్‌మెంట్ చేయించాలి, ముందు కుడి టైరు మీద అరచెయ్యి పెట్టి లోపలికి నిమిరితే రంపం పళ్లలా తగులుతోంది. ఇంటర్‌కూలర్ పైపు ఒకటి మెత్తబడింది, అది దసరా లోపు.

నాన్నకు 12.6 అని చెప్పాను. కాసేపు ఆలోచించి, "అయితే ఇన్నొద్దులు బంకోడు తక్కువ పోసిండా?" అన్నాడు.

అన్న పాకెట్ డైరీలో ఖాళీ పేజీలు అయిపోయాయి. 12.6 లోపలి అట్ట మీద రాశాడు. రేపు కొత్త పుస్తకం కొనాలి, కొంచెం పెద్దది.